ఇజ్‌బెల్ యాంటెన్నా పేటెంట్: మూడు పాత సంగతులు, ఒక కొత్త క్లెయిమ్

పేటెంట్ల చెల్లుబాటు మీద అభిప్రాయాలు రాసే వృత్తిలో ఉన్నవాళ్లను అన్నిటికంటే ఎక్కువగా వేధించేది స్వయంస్పష్టత ప్రశ్న, అంటే ఆవిష్కరణ ఆ రంగంలోని సాధారణ నిపుణుడికి ఎలాగూ తట్టేదేనా అన్నది. కొత్తదనం లేదని తేల్చడం అంత కష్టం కాదు. క్లెయిమ్‌లో, అంటే దేని మీద హక్కు కోరుతున్నారో చెప్పే పేటెంట్ వాక్యంలో, రాసిన అంశాలన్నీ ఒకే పాత పత్రంలో దొరికితే పని ముగిసినట్టే. ఆ అంశాలు నాలుగైదు పత్రాల్లో చెదిరి ఉన్నప్పుడే చిక్కు మొదలవుతుంది. ఆ రంగంలో సాధారణ నైపుణ్యం ఉన్న మనిషి, తన ముందు ఆవిష్కర్త జవాబు లేకుండా, వాటిని తనంతట తాను కలిపి ఉండేవాడా అని అడగాలి. జవాబు తెలిసిన తరువాత ప్రశ్న ఎప్పుడూ తేలికగానే కనిపిస్తుంది కాబట్టి, ఈ పని చేసేటప్పుడు మనల్ని మనమే అనుమానించుకోవలసి ఉంటుంది.

ఈ చిక్కును వివరించడానికి నేను ఎంచుకున్నది అమెరికా పేటెంట్ 3,210,767. డ్వైట్ ఇజ్‌బెల్ 1960 మే 3న దరఖాస్తు చేసిన ఈ పేటెంట్ 1965 అక్టోబర్ 5న మంజూరైంది. దాని హక్కులు ఇల్లినాయ్ యూనివర్సిటీ ఫౌండేషన్‌కు దఖలు పడ్డాయి. ఫ్రీక్వెన్సీ మీద ఆధారపడకుండా ఒకే దిశలో పనిచేసే యాంటెన్నాలు దాని విషయం. ఇంజనీర్లు లాగ్ పీరియాడిక్ డైపోల్ అర్రే అని పిలిచే యాంటెన్నా ఇదే. ఒకే పేటెంటును చూసిన రెండు అప్పీలు కోర్టులు స్వయంస్పష్టత విషయంలో ఎదురెదురు నిర్ణయాలకు వచ్చాయి. ఆ తరువాత విన్న సుప్రీంకోర్టు వేరే ప్రశ్న మీద తీర్పు చెప్పి, ఈ ప్రశ్నను ముట్టుకోలేదు. అందువల్ల ఇందులో సాంకేతిక వాదాన్ని మొదటి నుంచి మళ్లీ నడిపి చూడడానికి వీలుంది. కింద ఉన్న విశ్లేషణలో కోర్టులు అన్నవి ఏవో, నా అభిప్రాయాలు ఏవో విడివిడిగా చెబుతూ వెళతాను.

క్లెయిమ్ ఏం కోరింది

మొదటి క్లెయిమ్‌ను చదివి దానిలోని అంశాలను విడదీస్తే వచ్చేది ఇది. ఇంచుమించు సమాంతరంగా, పక్కపక్కనే అమర్చిన డైపోళ్ల (నడుమ నుంచి విద్యుత్తు అందే తిన్నని కడ్డీల) వరుస ఉంటుంది. ఒక కొస నుంచి మరో కొసకు వెళ్లే కొద్దీ డైపోళ్ల పొడవూ, వాటి మధ్య ఎడమూ క్రమంగా పెరుగుతాయి. పక్కపక్కన ఉన్న ఏ రెండు డైపోళ్ల పొడవుల నిష్పత్తి అయినా ఒకే స్థిరసంఖ్య. దాన్ని గ్రీకు అక్షరం టౌతో సూచిస్తారు, దాని విలువ ఒకటి కంటే తక్కువ. వరుసగా వచ్చే ఎడాల నిష్పత్తి కూడా అదే టౌ. ఈ డైపోళ్లన్నిటికీ ఒకే ఫీడర్ లైను (విద్యుత్తును మోసుకొచ్చే తీగల జత) నుంచి విద్యుత్తు అందుతుంది; ఒక డైపోల్ నుంచి తరువాతి డైపోల్‌కు వెళ్లేసరికి ఆ లైను ఫేజ్, అంటే తరంగం తన ఆవృత్తంలో ఉన్న దశ, 180 డిగ్రీలు తారుమారవుతుంది. ఆచరణలో దీనర్థం, రెండు తీగల ఫీడర్‌ను ప్రతి డైపోల్ దగ్గరా అడ్డంగా మెలితిప్పి కలపడమే.

టౌ ఒకటి కంటే తక్కువగా ఉండాలన్న షరతు తప్ప ఈ క్లెయిమ్‌లో టౌకు ఇంకే హద్దూ లేదు. ఈ సంగతి తరువాత మనకు చాలా ముఖ్యమవుతుంది.

ఈ యాంటెన్నా ఎందుకు పనికొస్తుందో చూడాలంటే అమెరికా టెలివిజన్ లెక్కే చాలు. అక్కడి వీహెచ్‌ఎఫ్ టీవీ చానెళ్లు 54 నుంచి 88 మెగాహెర్ట్జ్ వరకు ఒక పట్టీలోను, 174 నుంచి 216 మెగాహెర్ట్జ్ వరకు మరో పట్టీలోను ఉన్నాయి. 54 మెగాహెర్ట్జ్ దగ్గర అర్ధ తరంగదైర్ఘ్యం దాదాపు 2.78 మీటర్లు, 216 దగ్గర దాదాపు 0.69 మీటర్లు. అంటే పైహద్దు కిందిహద్దుకు సరిగ్గా నాలుగు రెట్లు. టౌను 0.9 అనుకుంటే, నాలుగు రెట్ల మేర పొడవులు తగ్గడానికి పదమూడు మెట్లకు కాస్త పైన పడుతుంది. కాబట్టి పధ్నాలుగు, పదిహేను కడ్డీలతో ఆ మొత్తం పరిధిలో ఇంచుమించు ఒకే తీరుగా పనిచేసే యాంటెన్నా తయారవుతుంది. ఏ ఒక్క ఫ్రీక్వెన్సీ దగ్గర చూసినా, పొడవు అర్ధ తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉన్న కొన్ని డైపోళ్లే నిజంగా ప్రసరిస్తాయి. ఫ్రీక్వెన్సీ మారితే ఆ క్రియాశీల ప్రాంతం వరుస వెంట ముందుకో వెనక్కో జరుగుతుంది. ఒకే డైపోల్‌కు విద్యుత్తు ఇచ్చి మిగతా కడ్డీలను ఊరికే నిలిపే, అంతే పొడవున్న యాగీ యాంటెన్నాతో పోలిస్తే దీని బలం తక్కువే. అయితే యాగీ తను ట్యూన్ చేసిన ఇరుకు పరిధి దాటితే చతికిలపడుతుంది. అప్పటి అనలాగ్ రంగుల టీవీకి ఈ తేడా చిన్నది కాదు. 6 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానెల్‌లో చిత్రాన్ని మోసే క్యారియర్ తరంగం నుంచి రంగులను మోసే సబ్‌క్యారియర్ 3.58 మెగాహెర్ట్జ్ దూరంలో ఉండేది. యాంటెన్నా స్పందన ఆ మధ్యలో ఒరిగిపోతే నలుపు తెలుపు బొమ్మ ఎలాగో వచ్చేది గాని రంగులు చెడేవి.

ముందే ఉన్నది ఏమిటి

స్వయంస్పష్టతను తూచేది 1952 నాటి అమెరికా పేటెంట్ చట్టం 103వ సెక్షన్. దాన్ని ఎలా అన్వయించాలో సుప్రీంకోర్టు 1966లో గ్రాహం వర్సెస్ జాన్ డీర్ కేసులో చెప్పింది. ముందున్న పరిజ్ఞానం పరిధి ఎంత, దానికీ క్లెయిమ్‌కూ తేడాలేమిటి, ఆ రంగంలో సాధారణ నైపుణ్యం స్థాయి ఎంత అన్నవి తేల్చాలి. ఆ పైన వ్యాపార విజయం, చాలాకాలంగా తీరని అవసరం, ఇతరుల వైఫల్యం వంటి పరోక్ష సాక్ష్యాలనూ చూడవచ్చు. నేను ఈ క్రమాన్నే పాటిస్తాను గాని, మూడవ అంశాన్ని రెండవదాని కంటే ముందు తేల్చుకుంటాను. చదివే మనిషి ఎవరో తెలియకుండా, అతనికి తేడా పెద్దదో చిన్నదో ఎలా చెబుతాం?

తేదీ విషయానికి వస్తే, అప్పటి చట్టం ప్రకారం దరఖాస్తుకు ఏడాది కంటే ముందు ప్రచురితమైనది ఏదైనా, అది ఆవిష్కర్త సొంత రచన అయినా సరే, అతనికి వ్యతిరేకంగా నిలుస్తుంది. అంటే 1959 మే 3కు ముందున్న ప్రచురణలు అన్నీ లెక్కలోకి వస్తాయి.

ఆ తేదీకి ముందు ఈ రంగంలో జరిగిన పని తక్కువేమీ కాదు. 1957లో వీ. హెచ్. రమ్సీ ఫ్రీక్వెన్సీ మీద ఆధారపడని యాంటెన్నాల సూత్రాన్ని ప్రచురించాడు. ఆకారాన్ని పొడవులతో గాక కోణాలతో మాత్రమే నిర్వచించగలిగితే, అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా అది ఒకేలా ప్రవర్తించాలని దాని సారాంశం. అదే ఏడాది ఆర్. హెచ్. డుహామెల్, ఇజ్‌బెల్ కలిసి లాగరిథమ్ క్రమంలో పునరావృతమయ్యే, అంటే లాగ్ పీరియాడిక్, నిర్మాణాలను చూపించారు. ప్రతి కొలతా ఒకే నిష్పత్తిలో పెరుగుతూ పోయే పళ్లున్న లోహపు రేకులు అవి. 1958లో డుహామెల్, ఎఫ్. ఆర్. ఓర్ రాసిన వ్యాసం ఆ రేకుల స్థానంలో తీగలతో చేసిన నిర్మాణాలను చూపింది. రెండు రెక్కలను ఒకదానికొకటి కోణంలో మడిచి, ప్రసారం ఒకే దిశకు పోయేలా చేయడం కూడా అందులో ఉంది.

ఇది ఒక పాయ. రెండవ పాయ డైపోళ్ల వరుసల పాత పేటెంట్లది. పొడవులూ ఎడాలూ క్రమంగా మారే డైపోళ్ల వరుసకు, అన్నీ సమానంగా ఉన్న వరుస కంటే విశాలమైన ఫ్రీక్వెన్సీ పరిధి వస్తుందని ఆ పేటెంట్ల నుంచి తెలిసిన సంగతే. డైపోళ్ల మధ్య ఎడం అర్ధ తరంగదైర్ఘ్యం కంటే తక్కువగా ఉన్నప్పుడు, ఫీడర్‌ను డైపోళ్ల మధ్య మెలితిప్పి, చిన్న డైపోల్ ఉన్న కొస నుంచి విద్యుత్తు ఇస్తే, ప్రసారాన్ని ఒకే దిశకు తిప్పవచ్చన్నదీ తెలిసినదే.

అయోవా దక్షిణ జిల్లా కోర్టు 1967లో వైన్‌గార్డ్ కంపెనీ మీద ఫౌండేషన్ వేసిన దావాలో నమోదు చేసినవి సరిగ్గా ఈ మూడే: లాగ్ పీరియాడిక్ పద్ధతి, క్రమంగా మారే డైపోళ్లు, మెలితిప్పిన ఫీడర్. ఒకే దిశలో, ఫ్రీక్వెన్సీతో నిమిత్తం లేకుండా పనిచేసే యాంటెన్నా కావాలనుకున్న సాధారణ నిపుణుడికి ఈ మూడు పాత అంశాలను కలపడం స్వయంస్పష్టమేనని ఆ కోర్టు తేల్చింది. 1968లో 8వ సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని నిలబెట్టింది.

ఆ సాధారణ నిపుణుడు ఎవరు

ఈ ప్రశ్నకు ఇక్కడ పెద్ద వివాదం లేదు. ఇంటి కప్పుల మీద యాంటెన్నాలు బిగించే మెకానిక్ కాదు అతను. 1959 నాటి యాంటెన్నా ప్రయోగశాలలో పనిచేసే ఇంజనీరు. రేడియో ఇంజనీర్ల సంస్థ పత్రికలను క్రమంగా చదువుతాడు, కొలతల మైదానంలో ప్రసార నమూనాలు గీయగలడు, ట్రాన్స్‌మిషన్ లైను మీద ఫేజ్ లెక్క కాగితం మీద వేయగలడు. అతను సృజనాత్మకత లేని యంత్రం కాదని సుప్రీంకోర్టు 2007లో కేఎస్‌ఆర్ కేసులో చెప్పిన మాట 1959 నాటి ఇంజనీరుకు కూడా వర్తిస్తుందని నేననుకుంటాను.

మెలిక దగ్గర ఆగి చూద్దాం

క్లెయిమ్‌లో ఉన్న అంశాల్లో రెండింటి గురించి ఎక్కువసేపు వాదించనవసరం లేదు. లాగ్ పీరియాడిక్ సూత్రం ఆవిష్కర్త సొంత వ్యాసంలోనే ఉంది. యాంటెన్నాలన్నిటిలోకీ సరళమైనది డైపోల్. రేకు పళ్ల స్థానంలో తీగలు వచ్చేసిన తరువాత, తీగల స్థానంలో తిన్నని కడ్డీలు పెట్టి చూడాలనిపించడంలో వింత లేదు. కేసు బరువంతా మెలిక మీదే పడుతుంది. అందుకని దాన్ని లెక్క వేసి చూద్దాం.

చిన్న కొస దగ్గర విద్యుత్తు ఇచ్చామనుకోండి. మెలిక లేకపోతే, పక్కపక్కన ఉన్న రెండు డైపోళ్లలో వెనకనున్న పెద్దదానికి, వాటి మధ్య దూరానికి తగినంత ఫేజ్ ఆలస్యంతో విద్యుత్తు అందుతుంది. గాలిలో తరంగం అదే దిశలో అంతే ఆలస్యంతో ప్రయాణిస్తుంది. కాబట్టి పెద్ద డైపోళ్లున్న వైపుకు రెండింటి ప్రసారాలూ కలిసి బలపడతాయి. అంటే ప్రసారం ఇంకా పెద్ద కడ్డీలు అడ్డుగా ఉన్న వైపుకు పోతుంది. ఆ కడ్డీలు తమ వంతుగా దాన్ని చెదరగొట్టి తిరిగి ప్రసరిస్తాయి. ఫ్రీక్వెన్సీ మారితే ఆ చెదరగొట్టే తీరూ మారుతుంది; దాంతో ఫ్రీక్వెన్సీతో నిమిత్తం లేదన్న గుణం పోతుంది.

మెలిక వేస్తే ఆ ఆలస్యానికి అదనంగా 180 డిగ్రీలు చేరుతాయి. అప్పుడు పెద్ద డైపోళ్ల వైపుకు రెండింటి ప్రసారాలు ఎంత ఎడం ఉన్నా పూర్తిగా ఎదురై ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. చిన్న కొస వైపుకు ఫేజ్ తేడా 180 డిగ్రీల నుంచి రాకపోకల ఆలస్యం, అంటే ఎడానికి తగిన ఫేజ్‌కు రెట్టింపు, తీసివేయగా మిగిలినది అవుతుంది. ఎడం పావు తరంగదైర్ఘ్యమైతే ఆ తేడా సున్నా; రెండూ సంపూర్ణంగా కలుస్తాయి. ఎడం అర్ధ తరంగదైర్ఘ్యమైతే తేడా మళ్లీ 180 డిగ్రీలకు చేరి, ఆ వైపు కూడా రద్దవుతుంది. పాత పేటెంట్లలో అర్ధ తరంగదైర్ఘ్యం కంటే తక్కువ అన్న హద్దు ఎందుకు ఉందో ఈ రెండు వాక్యాల లెక్క చెప్పేస్తుంది. దీన్ని 1959 నాటి ఇంజనీరు భోజనానంతరం కాగితం మీద వేసుకోగలడు. పక్కపక్క డైపోళ్ల పరస్పర ప్రభావాన్ని ఇందులో వదిలేశాను గాని, దిశను తేల్చడానికి ఇది చాలు.

మెలికకు రెండవ పని కూడా ఉంది. పేటెంటుదారు పక్షాన వాదించవలసి వస్తే నేను నిలబడేది ఇక్కడే. చిన్న కొస దగ్గరి కడ్డీలు ఆ ఫ్రీక్వెన్సీకి చాలా పొట్టివి, తరంగదైర్ఘ్యంతో పోలిస్తే చాలా దగ్గరగా ఉన్నవి. మెలిక వల్ల పక్కపక్క కడ్డీలు ఎదురెదురు ఫేజుల్లో ఉండడంతో అవి దాదాపు ప్రసరించవు. విద్యుత్తు పెద్దగా నష్టపోకుండా వాటిని దాటి క్రియాశీల ప్రాంతానికి చేరుతుంది. అక్కడ ప్రసరించి చిన్న కొస వైపుకు, అంటే ఏ అడ్డూ లేని వైపుకు పోతుంది. ఆ తరువాతి పెద్ద కడ్డీలకు మిగిలేది నామమాత్రం. అందువల్లనే, సూత్రం ప్రకారం అనంతంగా సాగవలసిన నిర్మాణాన్ని మధ్యలో నరికినా యాంటెన్నా గుణం చెడదు. పాత పేటెంట్లలో మెలిక చేసింది దిశను తిప్పడం ఒక్కటే. ఇక్కడ అది నిర్మాణాన్ని నరకడానికి వీలైనదిగా కూడా చేస్తోంది. లాగ్ పీరియాడిక్ సూత్రం దీన్ని తనంతట తాను హామీ ఇవ్వదు. కొలతలు ఒకే నిష్పత్తిలో పెరిగితే, ఆ నిష్పత్తి దూరంలో ఉన్న ఫ్రీక్వెన్సీల దగ్గర మాత్రమే ప్రవర్తన పునరావృతమవుతుందని అది చెబుతుంది. మధ్య ఫ్రీక్వెన్సీల సంగతీ, నరికిన కొసల ప్రభావమూ నిర్మాణాన్ని బట్టి ఉంటాయి. నిష్పత్తి పాటించినంత మాత్రాన ప్రతి ఆకారమూ పనిచేయదు.

కలపడానికి కారణం

ఇప్పుడు ప్రధాన ప్రశ్నకు వస్తే, నా అనుభవంలో ఇలాంటి కేసుల ఫలితం ఎక్కువగా సమస్యను ఎక్కడి నుంచి మొదలుపెట్టారన్న దాని మీదే తిరుగుతుంది. ఇజ్‌బెల్ పేటెంటును రెండు చోట్ల నుంచి మొదలుపెట్టవచ్చు.

యాగీ యాంటెన్నా మెరుగుపరచాలనుకున్న ఇంజనీరు నుంచి మొదలుపెడితే దారి పొడవుగా ఉంటుంది. అతను ఒకే డైపోల్‌కు విద్యుత్తు ఇచ్చే పద్ధతిని వదలాలి, అన్ని కడ్డీలకూ విద్యుత్తు ఇవ్వాలి, నిష్పత్తిని స్థిరం చేయాలి, మెలిక వేయాలి. ఇన్ని అడుగులకు ప్రేరణ పాత పత్రాల్లో ఒక్కచోట దొరకదు. ఆ దారిలో చూస్తే ఆవిష్కరణ మెరుపులా కనిపిస్తుంది.

లాగ్ పీరియాడిక్ నిర్మాణాల మీద పనిచేస్తున్న ఇంజనీరు నుంచి మొదలుపెడితే దారి పొట్టిది. అతని చేతిలో సూత్రం ఉంది, తీగలతో చేసిన రూపం ఉంది. కావలసిందల్లా ఇంకా సరళమైన, చదునైన, ఒకే దిశకు ప్రసరించే రూపం. అయోవా కోర్టు సమస్యను వర్ణించిన మాటలు ఈ రెండవ ఇంజనీరు మాటలే. సమస్యను అలా వర్ణించడం న్యాయమేనా అన్నది అడగవలసిన ప్రశ్న. జవాబును సమస్యలోకే దొంగచాటుగా చేర్చడం పశ్చాద్దృష్టికి, అంటే జవాబు తెలిశాక వెనక్కి చూసి తేలికనుకోవడానికి, మొదటి రూపం. అయితే ఇక్కడ పేటెంట్ శీర్షికే ఆ సమస్యను ఆ మాటలతో చెప్పింది; 1957, 1958 నాటి వ్యాసాలు కూడా ఆ సమస్య మీదే నడిచాయి. 1959లో ఆ లక్ష్యం ఆ రంగంలో బహిరంగంగా ఉంది. కాబట్టి రెండవ మొదలును ఎంచుకోవడంలో అన్యాయం లేదని నా అభిప్రాయం.

ఈ దారిలో ఇంకొక సంగతి నన్ను బలంగా లాగింది. ఇది కోర్టు మాట కాదు, నా పరిశీలన. 1958 నాటి రెండు రెక్కల నిర్మాణాన్ని తీసుకోండి. ఒక్కో రెక్కలో నడుమ వెన్నుతీగకు పళ్లు కుడి వైపు ఒకటి, ఎడమ వైపు ఒకటి చొప్పున మారుతూ ఉంటాయి. రెండవ రెక్క మొదటిదాన్ని 180 డిగ్రీలు తిప్పినది కాబట్టి, దాని పళ్లు దానికి ఎదురు క్రమంలో ఉంటాయి. ఇప్పుడు రెండు రెక్కల మధ్య కోణాన్ని పుస్తకం మూసినట్టు సున్నాకు తెండి. ఒక్కో స్థానంలో పై రెక్క నుంచి ఒక వైపుకు ఒక పన్ను, కింది రెక్క నుంచి రెండో వైపుకు ఒక పన్ను వస్తాయి. రెండూ కలిసి ఒక డైపోల్ అవుతాయి. తరువాతి స్థానంలో ఆ వైపులు మారతాయి. రెండు వెన్నుతీగలు దగ్గరగా చేరి ఫీడర్ లైను అవుతాయి. వైపులు మారుతూ వచ్చే కడ్డీలు, అంటే మెలిక, ఎవరూ తెచ్చి పెట్టకుండానే అక్కడ ఉంది. టీవీ యాంటెన్నాల్లో తరువాత వాడిన జంట దూలాల నిర్మాణం చూసినవాళ్లకు ఈ పోలిక వెంటనే తడుతుంది.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. రెక్కలు దగ్గరైన కొద్దీ ఇంపీడెన్స్ (యాంటెన్నా విద్యుత్తుకు చూపే నిరోధం) తగ్గుతూ పోతుంది, కోణం సున్నా అయ్యాక అది నిలకడగా ఉంటుందన్న హామీ పాత వ్యాసంలో లేదు. పన్ను స్థానంలో ఒంటి కడ్డీ పెట్టడం మరో అడుగు. ఈ ఎదురువాదానికి విలువ ఉంది గాని, అది ఫలితం తప్పక వస్తుందన్న నిశ్చయం లేదని చెప్పే వాదం. చట్టం అడిగేది నిశ్చయాన్ని కాదు. సఫలమవుతుందని ఆశించడానికి తగిన కారణం ఉందా అని. మూసి చూడడానికి, కొలిచి చూడడానికి ఆ ఇంజనీరుకు కారణం ఉంది. దిశ తిరుగుతుందని పైన వేసిన రెండు వాక్యాల లెక్క ముందే చెబుతుంది.

మెలిక చేసే రెండవ పని మాటేమిటి? పాత పత్రం సూచించిన మార్పును పాత పత్రం చెప్పిన కారణంతోనే చేసినప్పుడు, దాని వల్ల మరో మంచి కూడా దక్కితే, ఆ అదనపు మంచి ఒక్కటే పేటెంటును నిలబెట్టదు. కలపడానికి కారణం ఆవిష్కర్తకు ఉన్న కారణమే కానవసరం లేదు. మెలిక వేయడానికి దిశ అన్న కారణం చాలు. కొసల ప్రభావం తగ్గడం దానితో పాటు నడిచివస్తుంది. ఫలితం ఎవరూ ఊహించని మేరకు ఉందని కొలతలతో చూపించగలిగితే ఈ మాట మారవచ్చు. 1966లోనే, గ్రాహం తీర్పు వచ్చిన రోజునే, ఆడమ్స్ బ్యాటరీ కేసులో సుప్రీంకోర్టు అలాంటి ఊహించని ఫలితాన్ని చూసి పేటెంటును నిలబెట్టింది. అక్కడ పాత పరిజ్ఞానం ఆ కలయిక వద్దని నిరుత్సాహపరిచింది. ఇక్కడ అలాంటి నిరుత్సాహం నాకు కనబడలేదు. పాత పత్రాలన్నీ ఒకే వైపుకు వేలు చూపుతున్నాయి.

పరోక్ష సాక్ష్యం

ఈ యాంటెన్నా బాగా అమ్ముడైంది. రంగుల టీవీకి నాణ్యమైన యాంటెన్నాను కోరే పేటెంట్ కావడం వల్లనే దాని మీద అన్ని దావాలు నడిచాయని సుప్రీంకోర్టే గుర్తించింది. అయితే అమ్మకాలకు కారణం క్లెయిమ్‌లో ఉన్న అంశమేనా అని విడదీసి చూడాలి. రంగుల టీవీ సెట్లు వ్యాపించిన కాలంలో మంచి కప్పు యాంటెన్నా ఏదైనా అమ్ముడయ్యేది. చాలాకాలంగా తీరని అవసరం అన్న వాదం ఇక్కడ ఇంకా బలహీనం: మూలసూత్రం 1957లో వచ్చింది, దరఖాస్తు 1960లో పడింది. సూత్రం చేతికొచ్చిన దాదాపు మూడేళ్లలో దాన్ని డైపోళ్లకు వాడారంటే, ఇతరులు ప్రయత్నించి విఫలమైన కథ చెప్పడం కష్టం.

రెండవ కోర్టు

వైన్‌గార్డ్ కేసు తేలక ముందే, 1966 మార్చిలో, ఫౌండేషన్ ఇల్లినాయ్ ఉత్తర జిల్లా కోర్టులో మరో దావా వేసింది. అది బ్లాండర్-టంగ్ లేబొరేటరీస్ యాంటెన్నాలు కొన్న షికాగో వినియోగదారు మీద; తన వినియోగదారును కాపాడుకోవడానికి ఆ కంపెనీ తనే వచ్చి నిలబడింది. 1968 జూన్ 27న ఆ కోర్టు, తన ముందున్న సాక్ష్యాన్ని బట్టి అయోవా నిర్ణయంతో ఏకీభవించలేమంటూ, ఇజ్‌బెల్ పేటెంటూ, దానితో పాటు ఉన్న మేయస్ తదితరుల పేటెంటూ రెండూ చెల్లుతాయని తేల్చింది. 1970లో 7వ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఇజ్‌బెల్ పేటెంటును నిలబెట్టి, మేయస్‌ది చెల్లదంది. ఒకే క్లెయిమ్, ఒకే శాస్త్రం. సాక్షులు వేరు, తీర్పు వేరు.

సుప్రీంకోర్టు 1971 మే 3న బ్లాండర్-టంగ్ కేసులో చెప్పింది స్వయంస్పష్టత గురించి కాదు. ఒక కోర్టులో పూర్తి అవకాశం దక్కి, న్యాయంగా వాదించి ఓడిన పేటెంటుదారు, అదే పేటెంటుతో ఇంకొకరి మీదకు మళ్లీ రావచ్చా అన్నది అక్కడి ప్రశ్న. 1936 నాటి ట్రిప్లెట్ వర్సెస్ లొవెల్ తీర్పు రావచ్చని చెప్పింది. సుప్రీంకోర్టు ఆ మేరకు దాన్ని పక్కన పెట్టి, మొదటి ఓటమిని రెండవ ప్రతివాది అడ్డుపెట్టుకోవచ్చంది. కేసు వెనక్కి వెళ్లాక, ఇజ్‌బెల్ పేటెంటు విషయంలో వైన్‌గార్డ్ తీర్పు ఫౌండేషన్‌ను కట్టిపడేస్తుందని జిల్లా కోర్టు తేల్చింది. 1972లో 7వ సర్క్యూట్ దాన్ని నిలబెట్టింది. పేటెంట్ సరైనదని ఒకప్పుడు నమ్మిన సర్క్యూటే చివరకు దాన్ని అమలుకు రానివ్వలేదు.

క్లెయిమ్ వెడల్పు గురించి ఒక మాట

ఈ ఫైలు నాకు వచ్చి ఉంటే, పోరాడవలసిన చోటు మొదటి క్లెయిమ్ కాదని చెప్పి ఉండేవాణ్ణి. టౌ ఒకటి కంటే తక్కువ అన్న హద్దు ఒక్కటే ఉంటే, పనిచేసే యాంటెన్నాలతో పాటు పనిచేయనివి కూడా ఆ క్లెయిమ్ కిందికి వస్తాయి. టౌ 0.5 అనుకోండి: ఒక్కో డైపోల్ ముందుదానిలో సగం ఉంటుంది, మధ్య ఫ్రీక్వెన్సీల దగ్గర అర్ధ తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఒక్క కడ్డీ కూడా ఉండదు, యాంటెన్నా స్పందన గుంతలు పడుతుంది. ఊహించని స్థిరత్వం వచ్చిందని వాదించేటప్పుడు, ఆ స్థిరత్వం క్లెయిమ్ అంతటా రావాలి; కొంతమేరకే వస్తే ఆ మేరకే క్లెయిమ్ కోరాలి. టౌకు కింద, పైన హద్దులు పెట్టి, కడ్డీల కొసల మీదుగా గీసిన గీతలు కలిసే కోణానికి కూడా హద్దు పెట్టి, ఆ హద్దుల లోపల బయట కొలిచిన ప్రసార నమూనాలను పక్కపక్కన చూపితే, మెలిక రెండవ పని గురించి పైన చెప్పిన వాదానికి నిలబడే నేల దొరికి ఉండేది. అప్పుడు కూడా 1958 నాటి రెండు రెక్కలు ఎదురుగా ఉంటాయి. అయితే పుస్తకం మూసిన తరువాత ఏ హద్దుల్లో అది పనిచేస్తుందో ఆ పాత వ్యాసం చెప్పలేదని అనడానికి, కొలతల ఆధారంతో, ఒక అవకాశమైనా మిగిలేది.